గుమాస్తాకు 15 ఏళ్లు, సర్పంచికి ఓటు చాలు

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. ఏడాదంతా హైదరాబాద్‌లో ఉండే మనిషి నామినేషన్ల వేళకు వచ్చి ఇంటి తాళం తీశాడు, సర్పంచిగా నిలబడ్డాడు, ఇదేం న్యాయమని. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అభ్యర్థికి 21 ఏళ్లు నిండి, ఆ గ్రామ ఓటరు జాబితాలో పేరుండాలి. ఊళ్లో ఇన్నేళ్లు కాపురం ఉండి తీరాలన్న అర్హత లేదు.

స్థానికత కోసం ఇంతగా కొట్లాడిన గడ్డ మీద ఇది వింతగానే తోస్తుంది. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం బయటి నుంచి వచ్చినవాడు ముల్కీ, అంటే స్థానికుడు కావాలంటే 15 ఏళ్ల స్థిర నివాసం చూపాలి, సొంతూరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పుడే సర్కారు కొలువు. 1952లో ముల్కీ ఆందోళన మొదలైంది వరంగల్‌లోనే. బయటివాళ్లు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో కొలువుల్లో చేరుతున్నారన్నది ఆనాటి ప్రధాన ఆరోపణల్లో ఒకటి. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి ఉద్యోగాల్లో స్థానికతకు కొత్త లెక్కలు తెచ్చాయి. పదవుల జోలికి మాత్రం ఆ లెక్కలు రాలేదు.

పదవికి దారి ఓటరు జాబితా. పంచాయతీ జాబితాకు మూలం అసెంబ్లీ జాబితా. దానికి ఆధారం 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం. ఆ చట్టంలోని 20వ సెక్షన్ రెండు వైపులా పదునున్నది. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోడు అంటుంది. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదనీ అంటుంది. మొదటి మాట హైదరాబాద్ పెద్దమనిషికి అడ్డు. రెండోది మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వెళ్లిన నేత కార్మికుడికి అండ. రోజులు లెక్కపెట్టే కఠిన నిబంధన తెస్తే ముందు ఊడేది ఆ కార్మికుడి పేరేనని నా అనుమానం. కరెంటు బిల్లు, పన్ను రసీదు చూపించడం పెద్దమనిషికి ఎంత పని?

పై పదవులకు వెళ్లేకొద్దీ ఓటు ఉండాల్సిన గిరి, అంటే పరిధి, పెద్దదవుతుంది. వరంగల్ నగరపాలక సంస్థలో నగరంలో ఎక్కడ ఓటున్నా ఏ డివిజన్ నుంచైనా పోటీ చేయవచ్చు. ఎంపీటీసీకి మండలం, జడ్పీటీసీకి జిల్లా. లోక్‌సభకైతే దేశంలో ఎక్కడ ఓటున్నా సరే. మంథని నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లిన పి.వి. నరసింహారావు 1984లో హన్మకొండలో ఓడి, మహారాష్ట్రలోని రాంటెక్‌లో గెలిచారు.

జడ్పీటీసీ గిరి మాత్రం ఈమధ్య బాగా కుదించుకుపోయింది. 2016లో జిల్లాలు విడగొట్టాక, 2019లో ములుగు వేరుపడ్డాక, హన్మకొండలో ఓటున్న నాయకుడు ఏటూరునాగారం జడ్పీటీసీకి పోటీ చేయలేడు. ఉమ్మడి జిల్లా ఉన్నప్పుడు అలా పోటీ చేయడం మామూలు విషయం. ఎవరూ నివాస నిబంధన అని పేరు పెట్టకుండానే వచ్చిన నిబంధన ఇది.

సర్పంచి విషయంలో అభ్యంతరం ఉన్నవాళ్లు కదలాల్సింది ఓటరు జాబితా సవరణ జరిగేటప్పుడే. ఫారం 7 నింపి, ఫలానా వ్యక్తి ఇక్కడ ఉండటం లేదని విచారణ కోరవచ్చు. అప్పుడు ఊరుకుని నామినేషన్ల పరిశీలన రోజున గొడవపడితే, ఎన్నికల అధికారి చూసేది జాబితాలో పేరుందా లేదా అన్నదే.