ఆటో స్టార్టర్ల గొడవ: ముడి పడింది రాత్రి కరెంటు రోజుల్లో

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో ఆటో స్టార్టర్ల (కరెంటు రాగానే పంపు మోటారును తనంతట తానే తిప్పే డబ్బాల) గొడవ లేవడం ఉత్తర తెలంగాణలో ఏటా ఉండేదే. ఒక పక్క లైన్‌మన్లు మోటార్ల కాడికి వెళ్లి డబ్బాలు తీసేయమంటారు. ఇంకో పక్క కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్‌లో వేసుకుని రైతులు సబ్‌స్టేషన్ ముందు కూర్చుంటారు. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు, 2000 ఆగస్టులో కరెంటు చార్జీల పెంపు మీద నిరసన, బషీర్‌బాగ్ కాల్పులు, 2004 మే 14న ఉచిత విద్యుత్తు మీద వైఎస్ తొలి సంతకం: ఈ వరస అందరికీ కంఠతా వచ్చు. ఎన్నిసార్లు తిరగేసినా ఆటో డబ్బా మోటారు మీదికి ఎట్లా ఎక్కిందో ఇందులో దొరకదు. అది తెలియాలంటే కరెంటు ధరను పక్కనపెట్టి, కరెంటు వేళలు చూడాలి.

ఉమ్మడి రాష్ట్రంలో సాగుకు ఇస్తామన్నది రోజుకు ఏడు గంటలు. అదీ ఒక్క విడతలో వచ్చేది కాదు. సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే లైన్లను, అంటే ఫీడర్లను, గ్రూపులుగా విడగొట్టి పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు ఇచ్చేవాళ్లు. కొన్నాళ్లకోసారి వేళలు మారేవి. రాత్రి పదింటికి రావాల్సింది పన్నెండింటికి వచ్చేది. నడుమ ట్రిప్ అయితే ఆ కాసేపటి నీళ్లు పోయినట్టే. రాష్ట్రం విడిపోయే ముందరి ఎండాకాలాల్లో ఆ ఏడు గంటలకూ దిక్కులేదు. టార్చిలైటు పట్టుకుని బావి కాడికి పోయి, మడిలో నిలబడి తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయినవాళ్లు, గట్టు మీద పాము కరిచి చనిపోయినవాళ్లు లేని మండలం వరంగల్, కరీంనగర్ వైపు అరుదు. ఆటో స్టార్టర్ ఊరూరా పాకింది ఆ రాత్రుల్లోనే. కరెంటు ఎప్పుడొచ్చినా మోటారు తనంతట తాను తిరగాలి, మనిషి ఇంట్లో పడుకోవాలి. రైతు కోరుకున్నది ఇంతే.

మామూలు స్టార్టర్‌లో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే కాయిల్ పట్టు వదిలి, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ విడిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా ఎవరో ఒకరు పచ్చ బటన్ నొక్కితేనే మోటారు కదులుతుంది. భద్రత కోసమే అట్లా పెట్టారు. ఆటో డబ్బా మూడు ఫేజులూ వచ్చాయో లేదో చూసుకుని, మనిషి వేలు చేయాల్సిన పని తాను చేస్తుంది. డబ్బా కొనలేనివాళ్లు పచ్చ బటన్ లోపలికి నొక్కి పుల్ల దోపేవాళ్లు. త్రీ ఫేజ్ లేని వేళల్లో కండెన్సర్ తగిలించి రెండు ఫేజుల మీద నడిపించినవాళ్లూ ఉన్నారు. ఆ మోటార్లలో చాలావరకు వైండింగ్ షాపుకు చేరాయి.

డబ్బా విడిగా చూస్తే చిన్న పరికరం. ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరికీ ఉంటేనే ప్రమాదం. 5 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యే ఆ సెకను, రెండు సెకన్లలో దానికి ఆరింతలు, అంటే 45 ఆంపియర్ల దాకా పోతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (మోటార్లకు పోయే తక్కువ వోల్టేజీ) వైపు ఇవ్వగలిగింది 133 ఆంపియర్లు. దాని కింద పదహారు మోటార్లుంటే నడక భారం 120, సరిగ్గా సరిపోతుంది. కరెంటు రాగానే ఆ పదహారూ ఒక్కసారి లేస్తే పడే భారం 720. వోల్టేజీ కుప్పకూలుతుంది. వోల్టేజీ లేక మోటార్లు వేగం అందుకోలేవు, అందుకోలేక ఆ ఎక్కువ కరెంటునే గుంజుతూ మూలుగుతాయి. ముందు ఫ్యూజు కొట్టేస్తుంది. రెండుసార్లు కొట్టేశాక ఎవరో ఒకరు ఫ్యూజు వైరు స్థానంలో అల్యూమినియం తీగ నాలుగు పోగులు మెలేసి బిగిస్తారు. ఇక కొట్టేయడానికి ఫ్యూజు లేదు, మాడేది ట్రాన్స్‌ఫార్మర్ కాయిలే. 5 హెచ్‌పీ అని రాయించుకుని 7.5 హెచ్‌పీ దించిన మోటారు ఒకటీ రెండూ ఉంటే ఈ లెక్క ఇంకా ముందే తప్పుతుంది. 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లదీ ఇదే కథ. ఇచ్చేది 33 ఆంపియర్లు, నాలుగు మోటార్లకు చాలు, ఐదోది తగిలిస్తే కష్టం.

అధికారుల వాదన కాగితం మీద పక్కాగా ఉంటుంది. ఉచిత విద్యుత్తు వచ్చిన కొత్తలోనే కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, రాపిడి తక్కువుండే ఫుట్ వాల్వు, హెచ్‌డీపీఈ పైపు ఉండాలని షరతులు పెట్టారు, రైతులు పాటించలేదు, అందుకే నష్టాలు అంటారు.

ఆ షరతుల్లో నిజంగా పనికొచ్చేది కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైను మీద కరెంటు దాదాపు ఆరో వంతు తగ్గుతుంది, చివరి మోటారుకూ వోల్టేజీ అందుతుంది. కానీ ఒక్కడు పెట్టుకుంటే లాభం ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరికీ పోతుంది, ఖర్చు మాత్రం వాడొక్కడిది. పైగా కరెంటుకు బిల్లే లేదు, ఆరో వంతు మిగిలితే రైతు జేబులో పడేదేమీ లేదు. రైతులు ఈ మాట మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే విద్యుత్ పంపిణీ సంస్థ కెపాసిటర్ బిగించవచ్చు కదా అన్న ప్రశ్నా కొత్తది కాదు.

2016లో పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడం మొదలయ్యాక రాత్రి భయం సగం తీరింది. 2017 జులైలో పాత మెదక్, నల్గొండ, కరీంనగర్ జిల్లాల్లో 24 గంటల సరఫరా ప్రయోగం చేశారు. నవంబరులో కొద్ది రోజులు రాష్ట్రమంతా ఇచ్చి చూసి, 2018 జనవరి 1 నుంచి సుమారు 23 లక్షల పంపుసెట్లకు స్థిరపరిచారు. డబ్బాలు తీసేయమని సర్కారు స్వయంగా కోరింది కూడా అప్పుడే. గమనించాల్సింది ఇంకొకటుంది. 24 గంటలు వద్దు, పగలు తొమ్మిది గంటలు చాలని కొన్ని గ్రామాలు తీర్మానాలు చేశాయి. సర్కారు ఇస్తానంటే వద్దన్న ఊళ్లు అవి. రైతుకు పొదుపు తెలియదనేవాళ్లు ఆ తీర్మానాల జోలికి పోరు.

ఆ ఊళ్ల లెక్క తప్పేమీ కాదు. మార్చి ఎండకు వరి మడికి రోజుకు 10 మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుంటే ఎకరానికి 40 వేల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లు పోసే బోరు నాలుగు గంటల్లో ఎకరం తడుపుతుంది, రెండెకరాలకు ఎనిమిది గంటలు. కాకతీయ కాలువ పారే చోట బావులకు ఊట ఉంటుంది. జనగామ వైపు, ముఖ్యంగా బచ్చన్నపేట లాంటి చోట్ల, గ్రానైటు రాయిలో నెర్రెలే దిక్కు. ఆ నెర్రెల్లో నీరు ఊరడానికి వ్యవధి కావాలి. రాత్రంతా ఆగిన బోరు పొద్దున నిండుగా పోస్తుంది. ఇరవై నాలుగు గంటలు లాగితే గ్యాప్ ఇస్తుంది: కాసేపు నీళ్లు, కాసేపు గాలి. నీళ్లు లేకుండా తిరిగిన సబ్‌మెర్సిబుల్ చల్లబడక వైండింగ్ మాడుతుంది.

అయినా డబ్బాలు పోలేదు. కరెంటు రోజంతా ఉన్నా ట్రిప్పులు ఆగలేదు, నడిజామున ఐదు నిమిషాలు పోయి వచ్చినా మామూలు స్టార్టర్ మోటారు తెల్లారేదాకా ఆగిపోయి ఉంటుంది. అంతకన్నా బలమైన కారణం పక్క చేను. ఒకే నెర్ర మీద రెండు బోర్లుంటే, నాది ఆగిన రాత్రి నా నీళ్లు కూడా పక్కాయన బోరులోకి పోతాయి. ఒక్కడు డబ్బా తీసేస్తే నష్టం వాడికే. తీస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ ఒకేరోజు తీయాలి. విడివిడిగా ఒక్కో రైతు కాడికి పోయి డబ్బా పీకే తనిఖీలు నిలవకపోవడానికి కారణం ఇదే. లైన్‌మన్ వెనుదిరిగిన వారానికి డబ్బా మళ్లీ గోడకెక్కుతుంది.

ఎంత కరెంటు వృథా అవుతోందన్న వాదనకు పునాది లెక్క కూడా అంచనాయే. పంపుసెట్లకు మీటర్లు లేవు. ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీది మీటర్లు చూసి మొత్తం వాడకాన్ని కడతారు. కేంద్రం అదనపు అప్పుకు సంస్కరణల షరతులు పెట్టినప్పుడు మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని రాష్ట్రం తేల్చి చెప్పింది. రైతుకు అది ఊరటే. కానీ సంస్థ లైన్లలో పోయే నష్టమెంత, బోరు లాగిందెంత అని విడదీసి చూపే దారి కూడా దాంతో మూసుకుపోయింది. 2023 మార్చిలో రాష్ట్ర డిమాండ్ 15 వేల మెగావాట్లు దాటింది. అదే యాసంగిలో 24 గంటలు రావడం లేదని సబ్‌స్టేషన్ల ముందు ధర్నాలూ జరిగాయి. వేళల మీద నమ్మకం లేకుండా పోయిన ప్రతిసారీ డబ్బాల అమ్మకం పెరుగుతుంది. కోత పెట్టి, ఆపైన డబ్బా తీయమంటే వినేవాడెవడు?

ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలన్నది విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణం. దించడం, మోయడం సంస్థ పని. చాలా చోట్ల రైతులే చందాలు వేసుకుని ట్రాక్టర్ మాట్లాడుకోవడం కళ్లముందున్నదే. తనిఖీకి వచ్చినప్పుడు డబ్బాతో పాటు చూడాల్సినవి ఫ్యూజు గ్రిప్పుల్లో మెలేసిన తీగలు, ఎండిపోయిన ఎర్త్ గుంత, ఎక్కువ హెచ్‌పీ మోటార్లు. డబ్బాలు పూర్తిగా పోవడం ఇప్పట్లో కాని పని అనుకుంటే, వాటిలో ఆలస్యంగా స్టార్ట్ చేసే టైమర్ ఉన్నవైనా ఉండాలి. పదహారు మోటార్లకు అర నిమిషం ఎడంతో వరస పెడితే ఎనిమిది నిమిషాల్లో అన్నీ లేస్తాయి, 720 ఆంపియర్ల దెబ్బ ఉండదు. ఎవరి మోటారు మొదట, ఎవరిది చివర అన్నది ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు కూర్చుని తేల్చుకోవాలి. టైమర్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మాట ఆగి ఉంది.