ఈ-ఇంక్ ఫోన్ కొంటే రీల్స్ పిచ్చి వదులుతుందా? ఓ రిపేర్ షాపు నుంచి అపోహలు - వాస్తవాలు

"కిండిల్ లాంటి స్క్రీన్‌తో ఫోన్ వస్తోందట కదన్నా, అది తెప్పించుకుంటే ఈ రీల్స్ పీడ పోతుందా?" అని అడిగేవాళ్లు మా షాపులో ఎక్కువయ్యారు. కిండిల్ అంటే అమెజాన్ అమ్మే ఈ-పుస్తకాల పరికరం, దానిలో ఉండే కాగితం లాంటి నలుపు-తెలుపు స్క్రీన్‌నే ఈ-ఇంక్ అంటారు. నేనూ అలాంటి ఫోనే వాడుతున్నాను కాబట్టి, రోజూ చెప్పే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఇదేదో కొత్త వింత.
ఈ-ఇంక్ కంపెనీ పుట్టిందే 1997లో, అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ల చేతుల్లో. 2006లో మోటరోలా ఇదే స్క్రీన్‌తో మోటోఫోన్ ఎఫ్3 అనే డబ్బా ఫోన్‌ను మన దేశంలో అమ్మింది. మండుటెండలోనూ అంకెలు తళతళా కనిపించేవి. మెసేజ్ చదవాలంటేనే ప్రాణం పోయేది.

అపోహ: దీని మీద వీడియోలు ఆడవు.
ఆండ్రాయిడ్ ఉంటే ఆడతాయి. హైసెన్స్ ఏ9, బిగ్‌మీ హైబ్రేక్ ప్రో లాంటివి ఆండ్రాయిడ్ ఫోన్లే. కాకపోతే చూడబుద్ధి కాదు. ఈ స్క్రీన్ నిండా వెంట్రుక మందంలో ఉండే గుళికలు లక్షల్లో ఉంటాయి. వాటిలోని ద్రవంలో నల్ల రేణువులు, తెల్ల రేణువులు తేలుతుంటాయి. కరెంటు అందగానే ఒక రంగు పైకొస్తుంది, రెండోది అడుగుకు పోతుంది. ఆ ఈతకు కాస్త సమయం పడుతుంది. అందుకే బొమ్మ మారినా పాతదాని మరక మిగిలిపోతుంది. రెండు రీల్స్ చూసేసరికే విసుగొస్తుంది. ఈ ఫోన్ చేసే అసలు మేలు ఆ విసుగే.

అపోహ: స్క్రీన్ మారితే అలవాటు మారిపోతుంది.
సగమే నిజం. ఫోన్ మనల్ని రెండు రకాలుగా లాగుతుంది. ఒకటి రంగూ కదలికా, రెండోది మాట. ఈ-ఇంక్ మొదటిదాన్నే చంపుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవ, బంధువుల గ్రూపులో పెళ్లి కబుర్లు, క్రికెట్ స్కోరు, రాజకీయ వార్తలు... ఇవన్నీ అక్షరాలే కదా, అక్షరాలకు ఇంతకంటే హాయైన స్క్రీన్ లేదు. నా సంగతే చూడండి, రీల్స్ నెల తిరక్కుండానే మానేశాను. ఎన్నికల ఫలితాలప్పుడు మాత్రం రాత్రి ఒంటిగంట దాకా వార్తలు చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడ "ఇందుకేనా అంత డబ్బు పోసింది?" అంది. కాల్స్, ఎస్ఎంఎస్ తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేశాకే కాస్త దారిలో పడ్డాను.

ధ్యాస చెదరకుండా ఉండేందుకని చేసిన లైట్ ఫోన్ అనే చిన్న ఫోన్ ఒకటుంది. దాన్ని తయారుచేసేవాళ్లు రెండో మోడల్‌లో ఈ-ఇంక్ పెట్టారు. 2025లో వచ్చిన మూడో మోడల్‌లో దాన్ని వదిలేసి, చాలా స్మార్ట్‌ఫోన్లలో ఉండే ఓఎల్ఈడీ స్క్రీన్‌కు మారారు. బ్రౌజర్, సోషల్ మీడియా మాత్రం రెండింటిలోనూ లేవు. ధ్యాస చెడగొట్టేది ఏదో వాళ్లకు అర్థమైనట్టే ఉంది.

అపోహ: ఒకసారి చార్జింగ్ పెడితే వారం వస్తుంది.
బొమ్మ మారినప్పుడే స్క్రీన్ కరెంటు తీసుకుంటుంది, ఆ మాట నిజమే. సిగ్నల్, ప్రాసెసర్, రాత్రిపూట వేసుకునే లైటు ఊరుకోవు కదా! నాది రెండు రోజులు వస్తుంది.

అపోహ: బయటి దేశం నుంచి తెప్పించి సిమ్ వేస్తే చాలు.
డబ్బు తగలబడేది ఇక్కడే. జియోకు 2జీ, 3జీ లేవు. ఆ ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, పనిచేయకపోతే మామూలు కాల్ పోదు. కొనేముందు ఆ ఫోన్‌లో జియో వాడే 4జీ బ్యాండ్లు (సిగ్నల్ తరంగాల శ్రేణులు) 3, 5, 40 ఉన్నాయో లేదో చూడండి. బూక్స్ పామా అనే ఈ-ఇంక్ పరికరం చూడ్డానికి అచ్చం ఫోన్‌లాగే ఉంటుంది గానీ దాంతో కాల్ చేయలేం. చైనా మార్కెట్ కోసం చేసిన మోడళ్లలో గూగుల్ సేవలు ముందుగా ఉండవు, బ్యాంకు యాప్‌లు మొరాయించవచ్చు. కిరాణా కొట్టులో క్యూఆర్ స్కాన్ చేద్దామంటే కెమెరాలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది, వెనక క్యూ పెరుగుతుంది. కింద పడితే ఇక చెప్పక్కర్లేదు. ఒక కస్టమర్ కోసం హైదరాబాద్‌లో మొబైల్ షాపులుండే జగదీశ్ మార్కెట్ అంతా తిరిగాను, ఆ కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసిన స్క్రీన్) ఎక్కడా దొరకలేదు.

అందుకే ముందు ఉన్న ఫోన్‌నే నలుపు-తెలుపు చేసి చూడమంటాను. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోని బెడ్‌టైమ్ మోడ్‌లో గ్రేస్కేల్ ఉంటుంది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీలో కలర్ ఫిల్టర్స్ చూడండి. రెండు వారాలు అలా వాడండి. మధ్యలో ఎన్నిసార్లు రంగు ఆన్ చేశారో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఆ కాగితం పట్టుకుని షాపుకు రండి, ఏ మోడల్ తీసుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.