మూత బిగించిన డబ్బాలోకి పురుగెలా వచ్చింది?

విజయనగరం

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నది అడిగిన ప్రశ్నకు సగం జవాబే చెప్పి, మిగతాది ఉత్తరం రాస్తానన్నాను. "తాతయ్యా, అమ్మ బియ్యం డబ్బా మూత గట్టిగానే బిగించింది కదా, మరి పురుగు ఎలా దూరింది?" అని కదమ్మా నీ ప్రశ్న.

అది దూరలేదు. బస్తాతోనే వచ్చింది. ముక్కుపురుగుకు పేరుకు తగ్గట్టే సన్నటి తొండంలాంటి ముక్కుంటుంది. ఆడపురుగు దాంతో బియ్యపు గింజకు బెజ్జం చేసి, ఒక్క గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. మేస్త్రీ గోడకన్నం పూడ్చినట్టే, ఆనవాలు మన కంటికి దొరకదు. లోపలి పిల్ల ఆ గింజనే తింటూ, మన వేసవి వేడికి ఇంచుమించు నెల తిరిగేసరికి రెక్కల పురుగై బయటపడుతుంది. మిల్లులోనో కొట్లోనో పెట్టిన గుడ్డు శ్రీకాకుళంలో మీ ఫ్లాటులో పురుడు పోసుకుంది. మూత దాన్ని ఆపలేదు, లోపలే పెట్టి కాపాడింది.

పురుగూ బూజూ కూడా పిలవని చుట్టాలే అనుకోండి. పొమ్మంటే పోరు. కానీ చుట్టం దిగబడాలంటే తడి కావాలి, గాలి కావాలి, వెచ్చదనం కావాలి, పైన కాస్త తీరిక కావాలి. వాటిలో ఒకటో రెండో లాగేస్తే సంచి సర్దుకుంటాడు. తిండి దాచే విద్యంతా ఈ లాగెయ్యడమే. భీమాళి మామిడి తాండ్ర, గుమ్మడి వడియాలు, ఎండు నెత్తళ్ల చేపలు: వీటిలో తడిని ఎండ లాగేసింది. ఆవకాయలో ఉప్పు తడిని పట్టేస్తుంది, పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. అందుకే ముక్క నూనెలోంచి తల ఎత్తినచోటే బూజు పడుతుంది. తడి గరిటె పెట్టొద్దని అమ్మమ్మ అరిచేది చాదస్తం కాదు. ఆ గరిటెతో మీరు చుట్టానికి మంచినీళ్లందిస్తున్నారు మరి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను, విసుక్కోకండి. మా చిన్నతనంలో ఊళ్లలో ఎవరూ ఏడాదికి సరిపడా బియ్యం దాచేవారు కాదు. దాచినవి వడ్లు. వరిగడ్డిని లావుపాటి తాడుగా పేని, గుండ్రంగా చుట్టుకుంటూ పోతూ, మధ్యలో ధాన్యం పోసేవారు. వడ్లు పెరిగేకొద్దీ ఆ గడ్డితాటి గాదె, అదే పురి, లేచేది. పైన గడ్డి కప్పి పేడతో మెత్తేవారు. తినడానికి కావలసినంతే తీసి దంచుకునేవారు. కిటుకంతా పొట్టులో ఉంది. గింజకు పొట్టు చెక్కుచెదరకుండా ఉంటే ముక్కుపురుగుకు బెజ్జం చెయ్యడం చాలా కష్టం. పట్నంలో మనం ఆ చొక్కా విప్పేసిన గింజను కొని, దానికి స్టీలు డబ్బా తొడుగుతున్నాం!

అందుకని అమ్మతో చెప్పండి. బియ్యం నెలా, నెలన్నరకు సరిపడా కొంటే చాలు. (ఇప్పుడు బస్తా 26 కిలోలు ఎందుకయిందో నాన్ననడగండి. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకెట్లకు జీఎస్టీ వేస్తున్నారు, ఆ ఒక్క కిలో దానికి విరుగుడు.) కొత్త బియ్యాన్ని పాతవాటి మీద పొయ్యొద్దు. డబ్బా ఖాళీ చేసి, అడుగునా మూత అంచులోనూ పేరుకున్న పిండి దులిపి, కడిగి, ఒక పూట ఎండబెట్టాకే నింపాలి. ఆ పిండిలోనే పాత చుట్టం కాపురం ఉంటుంది. డీప్ ఫ్రీజర్‌లో చోటుంటే రెండేసి కిలోలు కవర్లో కట్టి నాలుగు రోజులుంచండి, లోపలి గుడ్డు కూడా చస్తుంది. తీశాక కవరు వెంటనే విప్పకూడదు, చల్లటి గింజ మీద గాలిలోని తేమ నీరై దిగుతుంది. మామూలు వేడికి వచ్చాక విప్పండి.

వేపాకు వెయ్యొచ్చు గానీ గలగలమనేలా ఎండినదే వెయ్యాలి. పచ్చాకు తడి తెస్తుంది. ఏ ఆకైనా తిరిగే పురుగును చికాకు పెడుతుందే తప్ప గింజలోపలి గుడ్డును ఏమీ చెయ్యలేదు. పురుగు పట్టిన బియ్యాన్ని మండుటెండలో పోస్తే పురుగులు పారిపోతాయి, నిజమే. కానీ గింజ పగిలి నూకవుతుంది, గుడ్డు లోపలే ఉంటుంది. నీడలో పల్చగా పరిచి, జల్లించుకోవడం మేలు.

పప్పుల సంగతి తిరగబడింది చూడండి. బియ్యానికి చొక్కా రక్ష అయితే, పెసలకు అదే గండం. పుచ్చు పురుగు నున్నటి నిండు గింజ మీదే గుడ్డు అంటిస్తుంది. బద్దలైన కందిపప్పు, పెసరపప్పు దానికి అంతగా రుచించవు. నిండు పెసలూ మినుములూ దాచాలంటే బాగా ఎండబెట్టి, చల్లారాక కిలోకు ఒక చెంచా ఆముదమో వంటనూనో వేసి, ప్రతి గింజకూ పల్చగా అంటేలా రెండు చేతులా రుద్దండి. గుడ్డుకు ఊపిరాడదు. వండే ముందు గోరువెచ్చటి నీళ్లతో కడిగితే జిడ్డు పోతుంది.

రవ్వ దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పొయ్యాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమట పట్టి ఉండకడుతుంది. చోడిపిండి (రాగిపిండి), గోధుమపిండి నెలకు మించి కొనొద్దు. పలాస జీడిపప్పులో నూనె ఎక్కువ, వేడికీ గాలికీ కనరెక్కుతుంది, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వేరుశెనగ గుళ్లలో బూజు కనిపిస్తే మంచివి ఏరుకుని తినే పని పెట్టుకోవద్దు. ఆ బూజు వదిలే విషం వేయించినా పూర్తిగా పోదు. పారెయ్యడమే. చింతపండు ఈనెలూ గింజలూ తీసి, ఉప్పు కలిపి జాడీలో పెట్టాలి. బుడితి ఇత్తడి గిన్నె ఎంత ముద్దొచ్చినా, లోపల తగరపు కళాయి పూత లేకపోతే పులుపు అందులో పెట్టకూడదు. పులుపు లోహాన్ని కరిగిస్తుంది.

ఫ్రిజ్ దగ్గర నా పోలిక కాస్త కుంటుతుంది. అక్కడ చుట్టం వెళ్లిపోడు, దుప్పటి కప్పుకు పడుకుంటాడు. 4 డిగ్రీలు దాటిందంటే మెల్లగా లేస్తాడు. తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చన, పాలు అక్కడ కాకుండా లోపల పెట్టాలి. మిగిలిన అన్నం గిన్నెలో ముద్దగా వదిలేస్తే మధ్యలో గంటల తరబడి వేడి నిలుస్తుంది. ఉడికినా చావని కొన్ని సూక్ష్మజీవుల విత్తులు ఆ వేడిలో మొలకెత్తి విషం వదులుతాయి, మళ్లీ కాచినా ఆ విషం పోదు. పళ్లెంలో పల్చగా ఆరబోసి, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పంపండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు వచ్చి కరెంటు పోయినప్పుడు మన జిల్లాల్లో ఎన్ని ఫ్రిజ్‌లు ఉత్త బీరువాలయ్యాయో! తలుపు తెరవకపోతే చల్లదనం 4 గంటలుంటుంది. నిండా ఉన్న డీప్ ఫ్రీజర్ 48 గంటలు ఓర్చుకుంటుంది. కాబట్టి ఐసుక్రీము ఎలా ఉందో చూద్దామని పదేపదే తెరిచేవాళ్లెవరో వాళ్లను కట్టెయ్యాలి.

మరి తరవాణి కుండో? అన్నమూ గంజీ రాత్రంతా బయటే ఉంటాయి కదా, ఎందుకు చెడదు అంటారు. అక్కడ మంచి చుట్టాన్ని మనమే ముందుగా పిలిచి అరుగంతా ఇచ్చేశాం. పులుపు తెచ్చే సూక్ష్మజీవులవి. ఆ పులుపులో మిగతావాళ్లకు నిలవడం కష్టం. ఇన్ని కోట్ల జీవులు ఒక మట్టికుండలో ఒద్దికగా పనిచేసి పొద్దునకు అంత కమ్మటి పులుపు చెయ్యడం నాకిప్పటికీ వింతే, అంతకన్నా విడమర్చలేను.

ఇప్పుడు మీకో పని. గుప్పెడు నిండు పెసలు తెల్ల కాగితం మీద పోసి, భూతద్దంతో చూడండి. గింజ మీద ఆవగింజకన్నా చిన్న చుక్క అంటుకుని ఉంటే అదే గుడ్డు. అద్దంలా ఉంటే ఇంకా పొదగలేదు. సున్నం పెట్టినట్టు తెల్లగా ఉంటే పిల్ల అప్పటికే గింజలోకి దిగిపోయింది, ఆ తెలుపు అది వెనక్కి తోసిన పొడి. తెల్లచుక్క గింజలు నాలుగు సీసాలో వేసి, మూతి మీద పల్చటి గుడ్డ కట్టి, తేదీ రాసి వంటింటికి దూరంగా పెట్టండి. మూడు నాలుగు వారాల్లో గింజ తొక్క మీద గుండ్రటి పల్చటి కిటికీ ఒకటి కనిపిస్తుంది. అది కనిపించిన రోజే నాకు ఫోను చెయ్యండి.

మీ తాతయ్య