యాభై సీట్ల లెక్క: అమెరికా చిన్న జెట్‌ల కథ

అమెరికాలో ఓ మోస్తరు నగరాల నుంచి విమానం ఎక్కేవారి ఫిర్యాదు చాలాకాలంగా ఒకటే. ఒకప్పుడు వంద మందికి పైగా పట్టే బోయింగ్ గానీ డీసీ-9 గానీ వచ్చే మార్గంలో ఇప్పుడు యాభై సీట్ల జెట్ వస్తోంది. పొడగరులు తల వంచుకుని నడవాలి. చేతిపెట్టె పైఅరలో పట్టదు కాబట్టి విమానం తలుపు దగ్గరే దాన్ని అప్పగించి, దిగాక మళ్లీ అక్కడే నిలబడి తీసుకోవాలి. షికాగోలోనో డల్లాస్‌లోనో దిగి విశ్వవిద్యాలయ పట్టణానికి చివరి విమానం ఎక్కిన తెలుగు విద్యార్థులు చాలామందికి ఈ అనుభవం తెలిసినదే. అయితే ఇదే విమానం కొత్తగా వచ్చిన రోజుల్లో ప్రయాణికులు దాన్ని ఎంతో ఇష్టపడ్డారు.

1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో, ఏ సంస్థ ఏ మార్గంలో ఎంత ఛార్జీకి నడపాలో ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి పోయింది. పెద్ద సంస్థలు కొన్ని విమానాశ్రయాలను కూడళ్లుగా మలచుకుని, చుట్టుపక్కల ఊళ్ల ప్రయాణికులను అక్కడికి చేర్చే పనిని చిన్న అనుబంధ సంస్థలకు వదిలేశాయి. విమానం మీది పేరూ రంగులూ, టికెట్ అమ్మకమూ పెద్ద సంస్థవి. నడిపేది మాత్రం వేరే సంస్థ. ఆ విమానాలు ఎక్కువగా ప్రొపెల్లర్‌వి. వాటి మోత, కుదుపులు జనానికి నచ్చేవి కావు. 1994 అక్టోబరు 31న ఇండియానా రాష్ట్రంలోని రోజ్‌లాన్ దగ్గర, రెక్కల మీద మంచు పేరుకోవడం వల్ల ఏటీఆర్-72 అనే ప్రొపెల్లర్ విమానం ఒకటి కూలి 68 మంది మరణించాక ఆ అయిష్టానికి భయం తోడైంది.

సరిగ్గా ఆ కాలంలోనే కెనడాకు చెందిన బంబార్డియర్ తన ఛాలెంజర్ బిజినెస్ జెట్‌ను పొడిగించి యాభై సీట్ల సీఆర్‌జేని తెచ్చింది. 1992లో జర్మనీలో, మరుసటి ఏడాది సిన్సినాటి కేంద్రంగా నడిచే కామెయిర్ ద్వారా అమెరికాలో అది ఎగరడం మొదలైంది. 1997 నాటికి బ్రెజిల్ సంస్థ ఎంబ్రాయర్ తయారుచేసిన ఈఆర్‌జే-145 కూడా రంగంలోకి దిగింది. కిటికీలు మరీ కిందికి ఉన్నాయని సీఆర్‌జే మీద నేటికీ వినిపించే సణుగుడుకు మూలం ఆ బిజినెస్ జెట్ పుట్టుకే. అయినా ప్రొపెల్లర్ విమానంతో పోల్చి చూసినవారికి అది పెద్ద మెరుగుదలగానే కనిపించింది.

ఇంతకీ యాభై అనే అంకె ఎందుకు? అది ఇంజనీర్లో ప్రయాణికులో కోరుకున్నది కాదు. తమ ఉద్యోగాలను తక్కువ జీతాల అనుబంధ సంస్థలకు తరలించకుండా పెద్ద సంస్థల పైలట్ సంఘాలు తమ ఒప్పందాల్లో రాయించుకున్న షరతు, అంటే 'స్కోప్ క్లాజ్', చాలాచోట్ల ఆ అంకెను హద్దుగా నిలిపింది. నార్త్‌వెస్ట్ సంస్థ హద్దుకు తగ్గట్టు యాభై సీట్ల సీఆర్‌జే నుంచే ఆరు సీట్లు తగ్గించి, 44 సీట్లతో సీఆర్‌జే-440 అనే పేరుతో నడిపారు.

కథ మలుపు తిరిగింది 2001 సెప్టెంబరు 11 తర్వాత. ప్రయాణికులు తగ్గిపోయారు. యూఎస్ ఎయిర్‌వేస్, యునైటెడ్ 2002లోనూ, డెల్టా, నార్త్‌వెస్ట్ 2005లో ఒకే రోజునా దివాలా రక్షణ కోరాయి. ఆ ఒత్తిడిలో పైలట్ సంఘాలు మెత్తబడక తప్పలేదు. హద్దు 70కి, ఆపైన 76కి పెరిగింది. ప్రొపెల్లర్ విమానానికి బదులుగా వచ్చిన జెట్ ఇప్పుడు పెద్ద జెట్‌కే బదులైంది. రోజుకు ఒకటి రెండుసార్లు నిండని పెద్ద విమానం నడిపే బదులు చిన్నదాన్ని నాలుగుసార్లు నడిపితే వ్యాపార ప్రయాణికులకు వేళలు కుదురుతాయన్నది సంస్థల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ పిల్లలతో, రెండు గంటలకు పైగా ఆ ఇరుకులో కూర్చునేవారికి అది ఏమంత ఊరట?

చట్టం కూడా ఈ విమానాలకు ఊతమిచ్చింది. చిన్న ఊళ్లకు న్యూయార్క్ అందుబాటులోకి రావాలని 2000లో చేసిన చట్టం, 70 సీట్లకు మించని విమానాలకు అక్కడి లాగ్వార్డియా విమానాశ్రయంలో స్లాట్ల (దిగడానికీ ఎగరడానికీ కేటాయించే వేళల) పరిమితి నుంచి మినహాయింపునిచ్చింది. కొద్ది నెలల్లోనే ఆ విమానాశ్రయం ఆలస్యాలతో స్తంభించి, చివరికి కొత్త సర్వీసులను లాటరీ వేసి తగ్గించాల్సి వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్ననాలుక ఊడినట్లయింది.

2009 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో దగ్గర కోల్గన్ అనే అనుబంధ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయినప్పుడు, పెద్ద సంస్థ కాంటినెంటల్ పేరున టికెట్ కొన్నవారి విమానాన్ని నడిపింది వేరే సంస్థ అన్న సంగతి దేశమంతటా చర్చకొచ్చింది. మరుసటి ఏటి చట్టం, విమానం నిజంగా నడిపేదెవరో టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలంది. కో-పైలట్‌కు సైతం సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలని కూడా కోరింది. 2013లో అమల్లోకి వచ్చిన ఆ నిబంధన అనుబంధ సంస్థలకు పైలట్లు దొరకడాన్ని కష్టతరం చేసింది. అంతకు ముందే, 2008లో చమురు బారెల్ 147 డాలర్లకు చేరినప్పుడే, ఒక్కో సీటుకు పడే ఖర్చు లెక్కలో యాభై సీట్ల జెట్ భారమని తేలింది. డెల్టా 2012లో కామెయిర్‌నే మూసేసింది.

అయినా షరతు పట్టు వదలలేదు. 2019లో యునైటెడ్ తెచ్చిన సీఆర్‌జే-550 చూడండి: డెబ్బై మంది పట్టే విమానంలో యాభై సీట్లే ఉంచి, మిగిలిన చోటును ఫస్ట్ క్లాస్‌కూ చేతిసామాను అరలకూ ఇచ్చారు. ఇరవై ఏళ్ల ఫిర్యాదుకు జవాబు దొరికింది గానీ, అదీ షరతు దాటకుండానే. మరోవైపు అదే షరతులోని 86,000 పౌండ్ల బరువు హద్దును మించిన ఎంబ్రాయర్ కొత్త ఈ175-ఈ2ను అమెరికా సంస్థలు తీసుకోలేదు. జపాన్ సంస్థ మిత్సుబిషి తాను రూపొందిస్తున్న చిన్న జెట్ స్పేస్‌జెట్‌ను 2023లో శాశ్వతంగా ఆపేసింది. పాత యాభై సీట్ల విమానాలకు వారసులు లేరు. పైలట్ల కొరతను కారణంగా చూపుతూ అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2022 సెప్టెంబరులో టొలీడో, ఇథాకా, ఐస్లిప్ నగరాల సర్వీసులను నిలిపేసినప్పుడు, అక్కడివారు ఆ సంస్థ నడిపే చిన్న విమానానికి కూడా దూరమయ్యారు.