పిడికిట్లో డంబెల్ ఎందుకు?

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో పొద్దున్నే నడుస్తుంటే ఒక కుర్రాడు కనిపించాడు. రెండు చేతుల్లో చెరో 2 కిలోల డంబెల్ పట్టుకుని గాలిలోకి కరాటే పంచ్‌లు విసురుతున్నాడు. ఎందుకని అడిగాను. "దెబ్బకు బరువు వస్తుంది సార్" అన్నాడు.

భూమికి కరాటే రాదు. దేన్నయినా కిందికే లాగుతుంది. పంచ్ మాత్రం ముందుకు వెళ్తుంది. కాబట్టి ఆ డంబెల్ వల్ల ఎక్కువగా అలిసేది చేతిని పైకి ఎత్తి పట్టే భుజం కండరమే. అంతటితో పోయినా బాగుండేది. 60 కిలోల మనిషికి మోచేతి నుంచి వేళ్ల దాకా తూకం సుమారు 1.3 కిలోలు. దానికి ఇంకో 2 కిలోలు తగిలించి విసిరితే, ఎదురుగా ఇసుక సంచీ కూడా లేనప్పుడు, ఆ ఊపునంతా మింగాల్సింది మోచేయి, భుజం కీళ్లే.

అసలు దెబ్బ పుట్టేది పాదం నేలను తన్నినప్పుడు. అది తొడ, నడుము మీదుగా పిడికిలికి చేరుతుంది. తాలీంలో ఉస్తాదులు దండీలు, బస్కీలు తీయించడంలో ఈ లెక్క ఉంది. బార్బెల్ స్క్వాట్ అంటే బస్కీకి బరువు తగిలించడమే. కండరం మోసే బరువు పెరిగేకొద్దీ అది కుంచించుకునే వేగం తగ్గుతుందని బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ 1938లోనే కొలిచి చూపాడు. అందుకే బరువును బరువులాగే ఎత్తాలి, పంచ్‌ను ఖాళీ చేత్తో వేగంగా విసరాలి.

బరువులు, దమ్ము పెంచే సాధన రెండూ కలిపితే ఒకదాన్ని ఇంకొకటి తినేస్తుందన్న భయం 1980లో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. 10 వారాల్లో, రెండు సాధనలూ చేసినవాళ్ల బలం 7 వారాల దాకా పెరిగి ఆగింది, చివర్లో కొంత తగ్గింది కూడా. కానీ వాళ్లు వారానికి 5 రోజులు బరువులు, 6 రోజులు దమ్ము పరీక్షించే కసరత్తు చేశారు! వారానికి రెండు మూడు రోజులు జిమ్‌కు వెళ్లేవాళ్లకు అంత బెంగ అక్కరలేదు. చూడాల్సింది వరుస: ముందు కరాటే, తర్వాత బరువులు. కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. తొడలు పీకుతున్న రోజు కిక్ కొడితే నేల మీద నిలిచిన కాలి మోకాలు వంకరపోవచ్చు. కుమితేకు (ఎదుటి మనిషితో తలపడే కరాటే పోరుకు) ముందు రెండు రోజులు కాళ్ల బరువులు వద్దు.

బరువులు మొదలుపెట్టిన నాలుగో వారానికి బార్ (బార్బెల్ కడ్డీ) తేలికనిపిస్తుంది. అప్పటికి ఎక్కువగా నేర్చుకున్నవి నరాలు. మోకాలి చిప్ప కింద ఎముకకు పట్టి ఉండే నారలాంటి టెండన్‌కు ఆ కబురు అందడానికి నెలలు పడుతుంది.

మన జిల్లా మాట ఒకటి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి కీళ్ల చుట్టూ ఉండే బంధనాలు సున్నం పట్టి బిగుసుకుపోతాయి. మెడ, నడుము వంగనివాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా బార్ ముట్టవద్దు. మే ఎండలో అలవాటులేని కసరత్తు చేశాక మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, చిట్లిన కండరాల పదార్థం కిడ్నీలకు చేరుతోందేమోనని అనుమానించాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

"మరి వీటినేం చేయాలి సార్?" అన్నాడు కుర్రాడు డంబెల్స్ చూపిస్తూ. నడుము దగ్గర ముందుకు వంగి, మోచేతులను వీపు వైపు పైకి లాగమన్నాను. విసిరిన చేతిని ఆపేవి ఆ వీపు కండరాలే, పైగా ఈసారి భూమి సరిగ్గా వాటికి ఎదురుగానే లాగుతుంది.