ఊయల గదిపై పాత వాదన: మలుపు తిరిగింది 2012లో

పిల్లల థెరపీ సెంటర్ల ఫీజుల మీద, అక్కడ పనిచేసేవాళ్ల అర్హతల మీద మళ్లీ చర్చ రేగింది. మాటలు ఆలస్యమయ్యాయనో, కుదురుగా కూర్చోవడం లేదనో పిల్లాడిని తీసుకెళ్తే ఊయలలు, పెద్ద బంతులు ఉన్న గది చూపించి, మెదడు ఎదుగుదలకు ఇదే దారి అంటున్నారు. రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపీలో ఇదొక పద్ధతి. ఇప్పటి గొడవకు మూలం 2012లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం ‘అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్’ ఒక విధాన ప్రకటన చేసింది. స్పర్శ, శబ్దం లాంటి వాటిని మెదడు సరిగ్గా అందుకోలేకపోవడాన్ని, అంటే ‘సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్’ని, విడి జబ్బుగా నిర్ధారించొద్దని డాక్టర్లకు చెప్పింది. ఊయల, స్పర్శలతో చేసే థెరపీని మొత్తం చికిత్సలో ఒక భాగంగా వాడొచ్చంది. అయితే దాని మీద పరిశోధన తక్కువనీ, ఫలితం ఇంకా తేలలేదనీ తల్లిదండ్రులకు చెప్పాలంది. ఫీజు కట్టే ముందు ప్రతి తల్లికీ, తండ్రికీ అందాల్సిన మాట ఇదే.

ఈ థెరపీకి పునాది వేసింది కాలిఫోర్నియాకు చెందిన జీన్ ఐర్స్. స్పర్శ, బ్యాలెన్స్, కండరాల కదలికల సమాచారాన్ని మెదడు సరిగ్గా కలుపుకోలేకపోతే చదువు కుంటుపడుతుందని 1972లో ఆమె రాశారు. 2014లో 32 మంది ఆటిజం పిల్లలపై జరిగిన అధ్యయనం ఆమె పక్షానే నిలిచింది. కానీ బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో చేసి 2022లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, మామూలు సేవలకు మించిన మేలు చాలామందిలో కనిపించలేదు.

ఈలోగా కెనడా థెరపిస్టులు హెలెన్ పోలటైకో, ఏంజెలా మాండిచ్ ఇంకో దారి పట్టారు. షూ లేసు కట్టుకోవాలంటే లేసుతోనే సాధన. ఏం చేయాలి, ఎలా చేయాలి, చేశాక కుదిరిందా లేదా అన్నది పిల్లలే ఆలోచించుకోవాలి, పెద్దలు ప్రశ్నలు వేస్తారంతే. చేతిపనితో పాటు ఆలోచనా పదునెక్కేది ఇక్కడే. 2019లో ఆస్ట్రేలియాలో వచ్చిన సమీక్ష కూడా ఇలాంటి సాధనకు, థెరపిస్టు నేర్పితే ఇంట్లో చేయించే పనులకు బలమైన ఆధారాలున్నాయని తేల్చింది. మరీ చిన్నవాళ్లకైతే చిక్కుడుకాయలు ఒలవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటివి ఖర్చు లేని సాధనలు.

మన దేశంలో వికలాంగులకు సేవలందించే నిపుణుల కోసం తెచ్చిన 1992 నాటి పునరావాస మండలి చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టులను తన జాబితాలో చేర్చలేదు. జాతీయ స్థాయిలో వాళ్లకు చట్టబద్ధమైన రిజిస్టర్ కోసం డాక్టర్లకు అనుబంధంగా పనిచేసే ఆరోగ్య నిపుణుల కోసం వచ్చిన 2021 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రెండు చట్టాల మధ్య కాలంలోనే వీధివీధికీ సెంటర్లు వెలిశాయి. ‘మా బాబుకు థెరపీ చేసేవాళ్లు బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ) చదివారా?’ అని రిసెప్షన్‌లో అడగడానికి ఇప్పటికీ చాలామంది తల్లిదండ్రులు మొహమాటపడుతున్నారు.