పిల్లలు లీడర్లయితే బడికి ఏమవుతుంది? అపోహలు – వాస్తవాలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సోషల్ చెబుతూ ఇరవై రెండేళ్లయింది. అందులో సగం కాలం విద్యార్థి సంఘాల బాధ్యత నాదే. బడి బాగు కోసం చేసే పనుల్లో పిల్లల్ని కలుపుకుందామంటే, ఏ ఊరి స్టాఫ్‌రూమ్‌లోనైనా నాకు ఎదురైన మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: మా బళ్లో లీడర్లు ఎప్పట్నుంచో ఉన్నారు.

వాస్తవం: ఉన్నారు. ఎస్పీఎల్ (బడి మొత్తానికి విద్యార్థి నాయకుడు) ప్రార్థనలో వరసలు సరిచేస్తాడు, సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు. అది మన పని వాడి చేత చేయించుకోవడం. తోటిపిల్లల తరఫున హెచ్ఎం గదిలోకి వెళ్లి ఒక మాట అడిగి, జవాబు తెచ్చి తరగతిలో చెప్పగలిగినప్పుడే వాడు లీడరు.

అపోహ: బాగా చదివేవాళ్లనే పెట్టాలి.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే పెట్టాను. వాళ్లు మాకు నచ్చే మాటలే మోసుకొచ్చేవాళ్లు. తర్వాత చీటీలతో రహస్య ఓటింగు పెడితే, తొమ్మిదో తరగతిలో మార్కులు అంతంతమాత్రమే వచ్చే ఒక అమ్మాయి గెలిచింది. దూరపు తండా నుంచి బస్సులో వచ్చే పిల్ల. ఆ బస్సు ప్రార్థన అయ్యాకే వస్తుందని, ఆ పిల్లల్ని రోజూ బయట నిలబెడుతున్నామని ఆమె అడిగేదాకా మా పదకొండు మంది టీచర్లలో ఒక్కరికీ తట్టలేదు.

అపోహ: బడి సమస్యలు పిల్లలకేం తెలుస్తాయి?

వాస్తవం: మనకు కాగితం మీద ఉన్నది తెలుసు, వాళ్లకు బడిలో ఉన్నది తెలుసు. బడి వివరాలు ప్రభుత్వానికి పంపే యూడైస్ ఫారంలో ప్రతి ఏటా మరుగుదొడ్ల లెక్క నింపుతాం. నలభై మందికి ఒకటి చొప్పున అన్న లెక్కన నూటయాభై మంది ఆడపిల్లలకు మా దగ్గర నాలుగు ఉన్నాయి, సరిపోయినట్టే. ఎనిమిదో తరగతి పిల్లలు వారం రోజులు గడియారం, నోటుబుక్కు పట్టుకుని చూశారు. ఒకదానికి తాళం, స్టాఫ్ కోసమట. ఒకదానికి లోపల గొళ్లెం లేదు. మిగిలింది రెండు, ఇంటర్వెల్ పది నిమిషాలు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అనుకున్నా పదిమందికి మించి వెళ్లలేరు. "అందుకే మేం పొద్దున నీళ్లు తాగం సార్" అని ఒక పిల్ల రాసింది. ఆ వాక్యం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎండాకాలంలో పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే టిఫిన్ తినలేదేమో అనుకునేవాళ్లం.

పరిష్కారం కూడా వాళ్లే రాసుకొచ్చారు: తాళం తీయాలి, గొళ్లెం పెట్టాలి, ఆరు, ఏడు తరగతులకు ఇంటర్వెల్ ముందు ఇవ్వాలి. గొళ్లెం తప్ప దేనికీ పైసా ఖర్చు లేదు.

అపోహ: పిల్లలతో శుభ్రం చేయిస్తే బాధ్యత తెలుస్తుంది.

వాస్తవం: ఈ మాట దగ్గర నేను గట్టిగానే నిలబడతాను. మరుగుదొడ్లు కడగడానికి ఏ పిల్లల్ని పంపుతారో ఒక్కసారి గమనించండి. ఏ కులం పిల్లలో, ఏ ఇళ్ల పిల్లలో కనబడుతుంది. నీళ్లొస్తున్నాయా, ఆయా వచ్చిందా అని చూసి రాయడం పిల్లల పని. కడిగించడం పెద్దల పని.

అపోహ: చనువిస్తే టీచర్ల మీద, వంటవాళ్ల మీద తిరగబడతారు.

వాస్తవం: చేతిలో లెక్క లేనప్పుడే గొడవ. మధ్యాహ్న భోజనంలో పప్పు నీళ్లలా ఉందని ఒక ఏడాది పిల్లలు వంటమ్మ మీద కోపంగా ఉన్నారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మనిషికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు అన్న కొలత చెప్పి, లెక్క కట్టమన్నాను. ఆరోజు తిన్నది నూట ఇరవై మంది, కావాల్సిన పప్పు మూడు కిలోల ఆరొందల గ్రాములు. వేసింది రెండు కిలోలు. ఎందుకని అడిగితే ఆమె చెప్పింది: బిల్లులు నెలల తరబడి రాలేదు, కొట్టువాడు అప్పు ఇవ్వడం లేదు. పిల్లల ఫిర్యాదు వంటమ్మ మీద కాకుండా బిల్లు మీద తయారైంది. కింద ఆమె కూడా సంతకం పెట్టింది.

అపోహ: పదో తరగతి చదువు పాడవుతుంది.

వాస్తవం: పదో తరగతిని వదిలేయండి. ఎనిమిది, తొమ్మిది చాలు, వారానికి ఒక పీరియడ్.

అపోహ: నిబంధనల్లో పిల్లలకు చోటు లేదు.

వాస్తవం: ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు. మిగతా స్థానాల్లో మూడో వంతు స్థానిక విద్యావేత్తల నుంచో, ఆ బడి పిల్లల నుంచో తీసుకోవచ్చని కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలే చెబుతున్నాయి. తమకు సంబంధించిన విషయాల్లో మాట చెప్పే హక్కు పిల్లలకుందన్న 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు మన దేశం 1992లోనే ఒప్పుకుంది.

అపోహ: అడిగినవన్నీ చేయలేం కాబట్టి అడగనివ్వకపోవడమే మేలు.

వాస్తవం: "కుదరదు" అంటే పిల్లలు తట్టుకుంటారు. జవాబే లేకపోతే రెండో నెలకు మీటింగుకు రావడం మానేస్తారు. మా దగ్గర ఒక రిజిస్టరు ఉంది: ఏం అడిగారు, ఎవరు జవాబివ్వాలి, ఏ తేదీలోగా. ప్రహరీ గోడ గురించి అడిగితే హెచ్ఎం సారు అందులో "ఈ ఏడాది నిధులు లేవు, మండలానికి దరఖాస్తు పంపాం" అని రాసి, తేదీ వేసి సంతకం చేశారు. మరుసటి జూన్‌లో కొత్త సంఘం కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి పేజీలో ముందుగా ఆ గోడ సంగతే ఎక్కించింది.